పెట్టెకు నేర్పిన పద్దెనిమిది దెబ్బలు

కొత్త వస్తువు కంటబడితే ప్రకాశం చేతులు ఊరుకోవు. వారమంతా బాపట్లలో గుమాస్తా ఉద్యోగం, ఆదివారం రేపల్లె చర్చిలో డోలక్కు. ఈ రెండింటి మధ్యా దొరికిన ప్రతిదాన్నీ విప్పి చూస్తాడు. ఇంట్లో రెండు గోడ గడియారాలు మూలనపడింది ఆయన చలవ వల్లే.

అందుకే గిటారు వాయించే బ్లెస్సీ తెనాలి నుంచి ఓ చిన్న ఇనప పెట్టె తెచ్చి కాళ్ల దగ్గర పెట్టుకోగానే, డోలక్కు పక్కనపెట్టి వచ్చి గొంతుక్కూర్చున్నాడు.

"ఏంటమ్మా ఇది?"

"లూప్ పెడల్ అంకుల్. చూడండి."

కాలితో ఓసారి తొక్కి ఒక వరస వాయించింది. మళ్లీ తొక్కి చేతులు తీసేసింది. ఆ వరస మాత్రం తిరిగి తిరిగి మోగుతూనే ఉంది! దాని మీద ఆ పిల్ల ఇంకో వరస అందుకుంది. మనిషి ఒక్కతే, గిటార్లు రెండు. ప్రకాశం పెట్టె వెనక్కి వంగి చూశాడు.

కీబోర్డు వాయించే ప్రతాప్ నవ్వాడు. "ఈస్టర్ రోజు ఇది బాగా కుదిరిందంటే డోలక్కు కూడా అందులోనే వేసేద్దాం అన్నయ్యా."

ప్రకాశం పెట్టె దగ్గర్నుంచి లేచాడు. ముప్ఫై ఏళ్లుగా వాయిస్తున్నాడు. డోలక్కు లేకుండా ఆ గుడిలో ఎక్కడ కూర్చోవాలో కూడా ఆయనకు తెలియదు.

ఆ ఆదివారమే పెట్టెతో పాడి చూశారు. మొదటి వరసలో కూర్చునే ముసలావిడ సరోజ ప్రతి చరణం చివరి మాటనూ సాగదీస్తుంది. ఆవిడతో పాటు గుడంతా సాగదీస్తుంది. పెట్టె ముందుకు పోయింది, జనం వెనకబడ్డారు, పాట కంగాళీ అయింది.

"జనానికి తాళం లేదు" అన్నాడు ప్రతాప్.

ప్రకాశానికి ఆ మాట రుచించలేదు. వారమంతా బస్సులో టిఫిన్ డబ్బా మీద వాయిస్తూ లెక్కపెట్టాడు. చరణానికి పదహారు దెబ్బలు, సరోజ సాగదీతకు రెండు. ఎప్పుడూ రెండే, మూడు కావు. సంబరం పట్టలేక బ్లెస్సీకి ఫోన్ చేశాడు.

"చరణం అయ్యాక రెండు దెబ్బలు ఆగి తొక్కమ్మా. మన జనం తాళం పద్దెనిమిది!"

తన చోటు పోగొట్టేదానికి తనే తాళం నేర్పుతున్నానన్న సంగతి ఫోన్ పెట్టేశాక గానీ తట్టలేదు.

ఈస్టర్ రోజు గుడి కిటకిటలాడింది. బ్లెస్సీ పద్దెనిమిది దెబ్బల వరస పెట్టెకు ఎక్కించింది. పాట మొదలైంది. సరోజ సరిగ్గా పదహారో దెబ్బకు టక్కున ఆపేసింది. సగం మంది ఆవిడతో ఆగారు, మిగతా సగం అలవాటు కొద్దీ సాగదీశారు. బ్లెస్సీకి ఎక్కడ తొక్కాలో తెలియలేదు. ఆమె, ప్రతాప్, ఇద్దరూ ప్రకాశం వైపే చూశారు.

"పెట్టె ఆపెయ్యమ్మా" అన్నాడాయన.

డోలక్కు ఒక్కటే మిగిలింది. ప్రకాశం సరోజ కళ్లలోకి చూస్తూ చరణం చివరికి వచ్చి, ఆవిడ కోసం రెండు దెబ్బలు నిదానంగా వేశాడు. ఆవిడ తబ్బిబ్బయి, తర్వాత నవ్వి, మాటను హాయిగా సాగదీసింది. గుడంతా ఆవిడ వెంట వెళ్లింది. రెండో చరణానికి ప్రకాశం తల ఊపాడు. బ్లెస్సీ తొక్కింది. ఈసారి పెట్టె కూడా జనంతో కలిసింది.

ఆరాధన అయ్యాక సరోజ ఆయన చెయ్యి పట్టుకుంది. "పెట్టె మనకోసం ఆగదన్నార్రా. వారమంతా ఇంట్లో టక్కున ఆపడం నేర్చుకున్నా. పాట చెడగొట్టానా నాయనా?"

"లేదు పిన్నీ. నువ్వు నీలాగే పాడు. ఆగడానికి నేనున్నాగా."

వెనక నుంచి ప్రతాప్ అన్నాడు, "ఉండాలన్నయ్యా. ఇవాళ నువ్వు లేకపోతే మా పని అయిపోయేది."