చిలకలగూడలో పాలు పొంగిన ప్రార్థన

సెమినరీలో చేరతానని చెప్పినప్పుడు మా అమ్మ చారుకి చింతపండు పిసుకుతోంది. చెయ్యి ఆపకుండానే, "ఏ అయ్యగారినో చేసుకుంటావనుకున్నాగానీ, నువ్వే అయ్యగారివవుతావని అనుకోలేదే," అంది. మా చర్చి సంఘాల్లో పాస్టరుని అయ్యగారంటారు, ఆయన భార్యని అమ్మగారంటారు. నాలాంటిదాన్ని ఏమనాలో ఎవరికీ తెలియదు. అప్పటికి నాకు ముప్పై దాటాయి. తెనాలిలో హైస్కూలు పిల్లలకి లెక్కలు చెబుతున్నాను. చిన్నప్పటినుంచీ లోపల్లోపల ఉన్న కోరికని ఇంక దాచలేక, ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి సికింద్రాబాద్ రైలెక్కాను.

డిగ్రీ అయ్యాక చదివే కోర్సు అది. పాస్టర్లు కావాలనుకునేవాళ్లకి. చేరేముందు నేను రోజంతా ప్రార్థనలూ పాటలే ఉంటాయనుకున్నాను. తీరా చూస్తే మొదటి ఏడాదంతా బైబిలు మూలభాషల వ్యాకరణం. గ్రీకు భాషలో మాకు నేర్పిన మొదటి క్రియకి "విప్పుతున్నాను" అని అర్థం. విప్పుతున్నాను, విప్పుతున్నావు, విప్పుతున్నాడు అనుకుంటూ హాస్టల్ డాబా మీద బట్టలు ఆరేసేదాన్ని. హీబ్రూ అయితే కుడినుంచి ఎడమకి చదవాలి. నా గదిలో ఉండే అమ్మాయి పాతబస్తీలో ఉర్దూ చదువుకుంది. నేను అక్షరం అక్షరం కూడబలుక్కుంటుంటే, "గింత పరేషాన్ ఎందుకక్కా? దుకాణం బోర్డు చదివినట్టు చదువు," అనేది. తెనాలిలో ఏ దుకాణం బోర్డూ కుడినుంచి ఎడమకి ఉండదని చెప్పినా నవ్వేది.

అసలు కష్టం ప్రసంగం క్లాసులో మొదలైంది. ఒక్కొక్కరం లేచి తోటి విద్యార్థుల ముందు ప్రసంగం చెయ్యాలి, ఆ తర్వాత వాళ్లు తప్పులు చెబుతారు. నేను బైబిలు వాక్యాన్ని మూడు భాగాలు చేసి, ఒక్కో భాగానికి కారణాలు చెప్పి, చివరికి అన్నిటినీ కలిపి ముగించాను. చాలా బాగా వచ్చిందనిపించింది. మా మాస్టారు మృదువైన మనిషి. కాసేపు గడ్డం నిమురుకుని, "అమ్మా, సిద్ధాంతం నిరూపించారు. సందేహం లేదు. కానీ మేము సిద్ధాంతం అడగలేదే," అన్నారు. క్లాసంతా గొల్లుమంది. నాకూ నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి.

రెండో ఏడాది శని, ఆదివారాలు ఏదైనా ఒక సంఘానికి వెళ్లి పని నేర్చుకోమంటారు. నాకు చిలకలగూడలో ఒక చిన్న సంఘం ఇచ్చారు. స్టేషనుకి దగ్గరే. ప్రార్థన మధ్యలో రైలు కూత వినిపిస్తే పాట పాడేవాళ్లు గొంతు పెంచుతారు, రైలు వెళ్లిపోగానే తగ్గిస్తారు. అక్కడి పాస్టరుగారు రిటైర్మెంటుకి దగ్గరపడిన మనిషి. పాత స్కూటరు మీద ఇల్లిల్లూ తిరుగుతారు. ఆ స్కూటరుకి కూడా ఆయన ప్రార్థన చేస్తారని సంఘంలో జోకు.

నేను మొదటి ఆదివారం గేటు దగ్గరికి రాగానే ఒక సంఘ పెద్ద ఎదురొచ్చి నా వెనక్కి తొంగి చూశారు.

"అయ్యగారు బండి పార్క్ జేస్తున్నరా అమ్మా?"

"లేదండీ. నేనొక్కదాన్నే వచ్చాను. సెమినరీనుంచి."

"అచ్ఛా," అన్నారాయన. నా చేతిలో సంచీ అందుకుని లోపలికి దారి చూపించారు.

సంఘంలో అందరూ మంచిగానే చూశారు. ఒక్క సిస్టరమ్మ తప్ప. ఆమె ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరయిన పెద్దావిడ. ఇస్త్రీ చీర, బిగించి వేసిన ముడి, ముందు వరసలో మొదటి కుర్చీ. పాస్టరుగారు ప్రసంగం చేస్తుంటే కళ్లు తిప్పకుండా వినేది. నేను లేచి నిలబడగానే కళ్లద్దాలు తీసి, సంచీలోంచి మెత్తటి గుడ్డ తీసి, తుడవడం మొదలుపెట్టేది. నేను ముగించేదాకా తుడుస్తూనే ఉండేది. అంత శుభ్రమైన కళ్లద్దాలు సికింద్రాబాదులో ఇంకెవరికీ ఉండి ఉండవు. పాస్టరుగారికి చెప్పుకుంటే, "ఆమె నన్ను సుత మొదట్ల గట్లనే సతాయించిందమ్మా. ఫికర్ చెయ్యకు," అన్నారు.

ఆ చలికాలంలో ఒక శనివారం జరిగిందే నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది.

మా సంఘంలోని ఒక యువకుడు చిలకలగూడలోనే కొత్త ఫ్లాట్ కొనుక్కున్నాడు. కాపురం పెట్టేముందు ఇంటికోసం ప్రార్థన పెట్టించుకోవడం మా ఆచారం. అతని భార్యది హిందూ కుటుంబం. రాంగోపాల్‌పేట్‌లో వాళ్లకి తరాలనుంచీ ఇత్తడి సామాన్ల దుకాణం ఉంది. ఇద్దరూ ప్రేమించి పెళ్లి చేసుకున్నారు. పెళ్లికి దూరంగా ఉన్న ఆమె పుట్టింటివాళ్లు ఈమధ్యే రాకపోకలు మొదలుపెట్టారు. ఆ రోజు మొదటిసారి అందరూ ఒకేచోట కలుస్తున్నారు. అందుకని ఆ అమ్మాయి ఉదయంనుంచీ ఒకచోట నిలబడలేకపోతోంది.

అందరూ వచ్చారు, పాస్టరుగారు తప్ప. చివరికి నాకు ఫోన్ చేశారు.

"అమ్మా, బోయిన్‌పల్లి మార్కెట్ కాడ టమాట లారీ ఒరిగింది. రోడ్డంత టమాటలే. ముందుకు పోరాదు, ఎన్కకు రారాదు. నువ్వు షురూ చెయ్యి."

"నేనా అండీ? గృహప్రతిష్ఠ నేనెప్పుడూ..."

"ఏం గాదు. పాట పాడు, వాక్యం చెప్పు, ప్రార్థన చెయ్యి. నేనొచ్చి భోంచేస్త," అని పెట్టేశారు.

నేను కాగితాలు సర్దుకుంటుండగా వంటింట్లోంచి గొంతులు వినిపించాయి. అమ్మాయి నానమ్మ ఒక ఇత్తడి గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. కొత్త గిన్నె, అద్దంలా మెరుస్తోంది. పక్కన పాల ప్యాకెట్లు.

"పాలు పొంగియ్యకుంట కొత్తింట్ల కాలు ఎట్ల వెడ్తరు? నా మనవరాలి ఇల్లిది," అంటోందామె.

గేటు దగ్గర నా సంచీ అందుకున్న సంఘ పెద్ద గుమ్మంలో నిలబడి ఉన్నారు. "గిది ప్రార్థననా, గృహప్రవేశమా? జెర తేల్చుండ్రి," అన్నారు. కోపంగా కాదు, కానీ గట్టిగా.

ఆ అబ్బాయి అటూ ఇటూ చూసి, నా వైపు తిరిగాడు. "అక్కా, నువ్వే చెప్పు. ఏం జేద్దాం?"

అందరూ నా వైపు చూశారు. నా బుర్రలో గ్రీకు క్రియ తప్ప ఏమీ మిగల్లేదు. ఏ క్లాసులోనూ ఈ లెక్క చెయ్యలేదు మేము. ఆ అమ్మాయి పెదవి కొరుక్కుంటూ నేలకేసి చూస్తోంది. ఆమె ముఖం చూశాక నాకు ఒక సంగతి మాత్రం తెలిసింది. ఆ ముసలావిడ గిన్నె పట్టుకుని వెనక్కి వెళ్లిపోతే ఈ ఇంట్లో ఏ ప్రార్థనా నిలవదు.

"పాలు పొంగించండి నానమ్మగారూ. మేం పక్కనే నిలబడి ప్రార్థన చేస్తాం," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

గుమ్మంలోని పెద్దాయన నోరు తెరవబోయారు. ఈలోగా వెనకనుంచి సిస్టరమ్మ వచ్చింది. అయిపోయిందనుకున్నాను. ఆమె వంటగట్టుకేసి ఓ చూపు చూసి, "అన్నీ బాగనే ఉన్నయి. పొయ్యి ఏదీ?" అంది.

నిజమే. గ్యాస్ కనెక్షన్ ఇంకా రాలేదు. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. పక్క ఫ్లాటువాళ్లు ఇండక్షన్ పొయ్యి తెచ్చి ఇచ్చారు. ఇత్తడి గిన్నె పెడితే అది కీచుమని అరిచి ఆరిపోయింది. స్టీలు గిన్నెలో అయితే కాగుతాయని ఎవరో అన్నారు.

"స్టీలు గిన్నెల పొంగిస్తమా?" నానమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. "మా దుకాణం పరువేం గావాలె!"

సిస్టరమ్మ నా చెయ్యి పట్టుకుంది. "నడువు. మా ఇంట్ల చిన్న సిలిండర్ పొయ్యి ఉంది. ఇద్దరం మోస్కొస్తం."

ఆమె ఇల్లు రెండు సందుల అవతల. వచ్చేటప్పుడు పొయ్యిని చెరోవైపు పట్టుకుని నడిచాం. ఆమె వేగం అందుకోవడం నాకు కష్టమైంది. ఎలాగూ ఇంత దూరం వచ్చాం కదా అని అడిగేశాను.

"నా ప్రసంగం అంత బాగుండదాండీ?"

"ఎందుకట్ల అడుగుతున్నవ్?"

"కళ్లద్దాలు తుడుచుకుంటారుగా."

ఆమె పొయ్యి కింద పెట్టి నవ్వింది. ఆమె నవ్వడం నేను చూడ్డం అదే మొదలు. "బిడ్డా, నీ మీద నాకేం కోపం లేదు. చిన్నప్పటిసంది అయ్యగారంటే మీసాలుంటయి అనుకున్నం. అలవాటు పోతలేదు. జెర టైం పడ్తది. ఆ ముసలామెకు పాలు పొంగుడు ఎట్లనో, నాకు మీసాలు గట్ల." మళ్లీ పొయ్యి ఎత్తుకుంటూ, "ఇంకొకటి. నువ్వు కాయిదంల నుంచి తల ఎత్తవు. నన్ను చూడనోళ్లను నేనేం చూడాలె?" అంది.

పొయ్యి వెలిగింది. ఇత్తడి గిన్నెలో పాలు పోశారు. హాల్లో కూర్చోవాల్సినవాళ్లంతా వంటింట్లోకి తోసుకొచ్చారు. నా కాగితాలు హాల్లోనే ఉండిపోయాయి. వెళ్లి తెచ్చుకుందామన్నా కదలడానికి చోటు లేదు. పాట పాడాం. పాట అయ్యాక ఏదో ఒకటి చెప్పాలి. చింతపండు పిసుకుతూ మా అమ్మ వంటింట్లో చేసుకునే ప్రార్థనల గురించి చెప్పాను. కూరలో ఉప్పు సరిపోవాలని, బడికి వెళ్లినవాళ్లు తిరిగి రావాలని, పక్కింటావిడ జ్వరం తగ్గాలని. దేవుడికి హాలుకన్నా వంటిల్లే ఎక్కువ పరిచయమై ఉంటుందని చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆ అమ్మాయి ముఖమే చూశాను. ఆమె పెదవి కొరుక్కోవడం మానేసింది.

తర్వాత కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాను. ఆ ఇంటికోసం, ఇద్దరికోసం, రెండు వైపులవాళ్లకోసం. మంచి ఊపులో ఉండగా నా చెవి పక్కనే కేక వినిపించింది.

"పొంగింది! పొంగింది!"

"ఆమెన్!" అన్నారు అందరూ ఒక్కసారిగా. గుమ్మంలోని పెద్దాయన గొంతు అందరికన్నా గట్టిగా వినిపించింది.

కళ్లు తెరిచి చూస్తే పాలు గిన్నె అంచు దాటి పొయ్యి మీదికి జారుతున్నాయి. నానమ్మ చప్పట్లు కొడుతోంది. ఎవరు ముందు నవ్వారో తెలియదు, వంటిల్లంతా నవ్వింది.

ఇంక దీవెన మిగిలింది. అభిషేకం పొందిన పాస్టరు చెయ్యెత్తి దేవుడు "మీకు" తోడుండుగాక అంటారు. నాలాంటి విద్యార్థులు చెయ్యెత్తకూడదు, "మనకు" అనాలి. ఆ నియమం అంటే నాకు లోపల ఎప్పుడూ కొంచెం చిన్నతనంగా ఉండేది. ఆ రోజు "మనకు" అని చెప్పాను. నానమ్మ నా మోచెయ్యి తట్టింది.

"మనకు అంటే మాకు సుతనా?"

"మీక్కూడా నానమ్మగారూ."

"అట్లనా!" అని కొంగుతో కళ్లు ఒత్తుకుని, పాయసానికి బియ్యం ఏవని అడిగింది.

పాయసం అందరికీ వడ్డిస్తున్నప్పుడు పాస్టరుగారు వచ్చారు. ప్యాంటు మోకాళ్లదాకా ఎర్రగా ఉంది, చేతిలో సంచీ నిండా టమాటలు. రోడ్డు మీదివి ఏరడానికి సాయం చేస్తే డ్రైవరు ఇచ్చాడట. "అయిపోయిందా? మంచిగైంది," అని పాయసం గిన్నె అందుకున్నారు.

సోమవారం క్లాసులో ఇదంతా చెప్పాను. పెద్ద వాదమే జరిగింది. పాలు పొంగించడం మన విశ్వాసానికి సరిపడదని కొందరు, ఎదుటివాళ్ల ప్రేమని కాదనడమే సరిపడదని కొందరు. నా గదిలో ఉండే అమ్మాయి లేచి, ఇద్దరివీ సగం సగం తప్పులని తేల్చేసింది. మాస్టారు అందరినీ మాట్లాడనిచ్చి, చివర్లో నన్ను ఒకటే అడిగారు.

"వాళ్లు ఆమెన్ అన్నాక మీరు ప్రార్థన పూర్తి చేశారా?"

"లేదు సార్. ఇంకా సగం ఉంది. కానీ..."

"అలాగే వదిలెయ్యండి. ఎక్కడ ఆపాలో చెప్పే సంఘం అందరికీ దొరకదు," అన్నారు.

ఆ తర్వాత ఆదివారం నేను కాగితం లేకుండా నిలబడ్డాను. రెండుచోట్ల తడబడ్డాను. సిస్టరమ్మ కళ్లద్దాలు ముక్కు మీదే ఉన్నాయి. నా ఆనందం ఎంతోసేపు నిలవలేదు. కాసేపటికి ఆమె ఆ కళ్లద్దాలతోనే హాయిగా నిద్రపోయింది. "రాత్రి నిద్ర లేకుండె బిడ్డా, నీ గొంతు మంచిగుంది," అని తర్వాత సంజాయిషీ ఇచ్చింది. దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నాను. ఆమే, నానమ్మా ఇప్పుడు మంచి స్నేహితులు. కలిసి బోయిన్‌పల్లి మార్కెట్‌కి వెళ్లి కూరగాయలు తెచ్చుకుంటారు, దారంతా ఒకరి బేరం తీరును ఒకరు తప్పుపట్టుకుంటారు.

ఇప్పుడు నేను చివరి ఏడాదిలో ఉన్నాను. నన్ను ఏ ఊరు పంపుతారో తెలియదు. మొన్నీమధ్య ఆ దంపతులకి పాప పుట్టింది. పేరు పెట్టే రోజు నన్ను పిలిచారు. అక్కడికి వెళ్లేసరికి అటువాళ్లు ఒక పేరు, ఇటువాళ్లు ఒక పేరు పట్టుకుని కూర్చున్నారు. "మీరు చెప్పుండ్రి, మీరు చెప్పిందే ఖాయం," అన్నారు రెండువైపులా. ఆ ధైర్యం నాకు లేదు. రెండు పేర్లూ కలిపి, పాపని ఎత్తుకుని ప్రార్థన చేశాను. పాప రెండు పేర్లకీ పలకలేదు. వంటింట్లో కుక్కరు విజిల్ వేస్తే మాత్రం అటు తిరిగి బోసినోటితో నవ్వింది.