బావ నెత్తిన అర బకెట వాన

మా అక్క మొగుడు పోయిన వారం నా కారు తీస్కోని తాడిపత్రికి పోయినాడు. అది బెంగళూరులో కొన్న సెకండ్‌హ్యాండ్ కారు, పైకప్పులో ఎనక్కి జరిగే అద్దం, అదే సన్‌రూఫు, ఉండాది. అద్దం కిర్రుమంటాందని ఆ మారాజు దాని పట్టాల్లో శెనక్కాయ నూనె పోసినాడు! తాడిపత్రిలో నాపబండలు కోసే దుమ్మంతా ఆ నూనెకు పట్టి, అద్దం సగంలోనే నిల్చిపోయింది.

ఈపొద్దు పొద్దున్నించి పాత టూత్‌బ్రష్షూ సబ్బునీళ్లూ పెట్టుకోని ఆ జిడ్డంతా గీకినా. తుడిచి, కొత్త గ్రీజు పూసి, అద్దం మూసినా. అంతలో గోరంట్ల పెండ్లికి మళ్లా కారు అడిగేకి బావ వచ్చినాడు. ఒంటిమీద ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా.

"ఏమప్పా, దీనికింత అగసాట్లెందుకు? మన సీమలో వాన యాడొస్తాది?" అని నవ్వినాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"లోపల కూచో బావా, నీళ్లు కారతాయేమో చూసి చెప్పు" అన్నా.

పాపం, కూచున్నాడు. అద్దం చుట్టూ చేరిన నీళ్లు బయటికి పోయేకి మూలమూలకీ ఒక బొక్క ఉంటాది. వాటిల్లో ఆయన పోసిన నూనె మడ్డి నేనింకా తియ్యలేదు. ఆ సంగతి నాకు బాగా తెల్సు. పైకెక్కి అర బకెట నీళ్లు కుమ్మరించినా.

లోపల్నించి పెద్ద కేక. నల్లటి జిడ్డునీళ్లు తెల్ల చొక్కా మీద కారతాండాయి.

"ఏం బావా, వానొచ్చిందా?" అన్నా.

కొనుక్కున్న ట్యాంకరు నీళ్లు నావే, తడిసిన సీటూ నాదే. అయినా ఈ కరువు సీమలో నీళ్లు ఇంత సుఖంగా ఎప్పుడూ పారబోయలేదు. మీకూ ఇట్లాంటి బావలుంటే చెప్పండి, బకెట నేనే తెస్తా.