మామ కాళ్లకు గొర్రెబొచ్చు సాక్సులు

నాకు ముక్కు మీద కోపమని మా ఇంట్లో అందరూ అంటారు. అననీ. ఆ కోపమే లేకపోయుంటే నేను కదురు పట్టేదాన్నీ కాదు, ఈ పొద్దు ఇట్ల గొప్పలు చెప్పుకునేదాన్నీ కాదు.

ఒకనాడు మా మామ సోలార్ ప్లాంటు నుంచి షూలు చేత పట్టుకొని, ఉత్తకాళ్లతో కుంటుకుంటా ఇంటికొచ్చినాడు. మామ అంటే మా అమ్మకు సొంత అన్న, నా మొగునికి నాయన. చిన్నప్పుడు నన్ను చంకనెత్తుకొని తిరిగిన మనిషి. అందుకే కోడలినని నేనెప్పుడూ ఆయప్ప ముందర నోరు కట్టేసుకోలేదు. "ఏంది మామా, షూలు చేతులకు వేసుకుంటారా?" అని నవ్వబోయి, మడమలు చూసి ఆగిపోయినాను. రెండు మడమలూ తోలు లేచిపోయి, నెత్తురు కారి గడ్డకట్టి ఉండాయి.

అరవై ఏండ్లు దగ్గర పడుతున్నా ఆ కాళ్లు షూ మొగం చూసిండ్లేదు. మా ఊరు తిరుమణి చుట్టూ ఉండే గుట్టల్లో గొర్రెల ఎనకాల తిరిగిన కాళ్లవి. ముల్లు దిగితే నిలబడి పీకి పారేసి మళ్లీ నడిచేటివి. సోలార్ వాళ్లు వచ్చి ఊర్లో చేన్లన్నీ లీజుకు తీసుకున్నప్పుడు మా చేను కూడా ఇచ్చినాం. చుట్టూ కంచె వేసినారు, గేటు పెట్టినారు. మేపేదానికి చోటు లేక పన్నెండు గొర్రెలు మాత్రం ఉంచుకొని మిగతా మంద అమ్మేసినాం. కొన్నాళ్లకు సోలార్ ప్లేట్ల కింద గడ్డి కోసేదానికి మనుషులు కావాలన్నారు. ఎవరూ పొమ్మనకుండానే మామ పోయి చేరినాడు.

"ఈ వయసులో నీకెందుకు నాయనా ఆ పని?" అని నా మొగుడు అడిగినాడు.

"మన చేను ఆ గేటు లోపలుండాది. పనికి పోతేనే దాంట్లో కాలు పెట్టనిస్తారు," అన్నాడు మామ.

ఆ మాట విన్నాక ఇంక ఆ పని సంగతి ఎవరూ ఎత్తలేదు.

అయితే ఆ గేటు దాటాలంటే సేఫ్టీ షూ ఉండాల. లోపల వైర్లు, గాజు పెంకులు, పాములు, అన్నీ ఉంటాయి, వాళ్లు చెప్పేదీ న్యాయమే. మామ పాదం ముందర చేటంత వెడల్పు, మడమ దగ్గర సన్నం. వేళ్లు పట్టే షూ తీసుకుంటే మడమ లోపల ఊగులాడుతుంది. సంతలో తెచ్చిన నైలాన్ సాక్సులు చెమటకు జారి అరికాలి కిందికి పోతాయి. నడిచే కొద్దీ ఒరుసుకొని ఒరుసుకొని పుండ్లు పడినాయి. ఓర్చుకోలేక రెండు మూడు సార్లు షూ విప్పేసి గడ్డి కోసినాడంట. సూపర్‌వైజరు, నడీడు మనిషి, చెడ్డోడేం కాదు, ఆ దినం పిలిచి చెప్పినాడు: "పెద్దాయనా, పదైదు దినాలు ఇంటికాడుండి కాళ్లు మాన్పుకో. ఆమీట వచ్చి దినమంతా షూ తోనే ఉండాల. ఉండలేనంటే ఇంకొకర్ని పెట్టుకుంటాం."

"పోనీలే, మానుకుంటా," అన్నాడు మామ, మాతో చెప్పేటప్పుడు. ఆ అనేది కూడా గోడ దిక్కుకు తిరుక్కొని అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరి మీదని అడిగితే ఏం చెప్పేది? షూ మీద, నైలాన్ మీద, గోడకల్లా తిరిగిన మామ మీద. లేచి పోయి దొడ్లో గోతం లాక్కొచ్చినాను. ఆ ఏడు కత్తిరించిన గొర్రెబొచ్చు దాంట్లో కుక్కి పెట్టినాం. కొనేవాళ్లు లేక అట్లే పడుండాది.

"దీంతో సాక్సులు చేస్తాను," అన్నాను.

మా అత్త చేస్తున్న పని ఆపి నన్ను ఎగాదిగా చూసింది. "ఏమంటివే?"

ఇది వేరే వాళ్లకు చెప్తే నవ్వుతారేమో గానీ, మా ఇండ్లలో గొర్రెబొచ్చుకు కాలు తగలకూడదు. దేవుణ్ణి కూర్చోబెట్టేది నల్ల కంబళి మీద. పెండ్లిలో పీట మీద పరిచేదీ అదే. చూసుకోకుండా కంబళి తొక్కితే ముసిలోళ్లు కూడా వంగి దండం పెట్టుకొని లెంపలేసుకుంటారు. అట్లాంటి బొచ్చును కాళ్లకు తొడిగి, షూలో దూర్చి, దినమంతా తొక్కుకుంటా తిరగాలని ఈ కోడలు అంటా ఉంది.

"గొర్రె ఆ బొచ్చు తోనే పెంటలో పొర్లుతుంది గదత్తా, దానికేం పాపం తగిలింది?" అన్నాను.

"దాని బొచ్చు దాని ఇష్టం. నువ్వు గొర్రెవా?" అని ఆయమ్మ తన పనిలో పడింది.

మర్నాడు పొద్దున్నే ఆయమ్మ మామ మడమలకు పసుపు, ఆముదం కలిపి పూస్తా ఉండింది. ఎట్లాంటి నొప్పికీ నోరు తెరవని మనిషి "అబ్బా" అన్నాడు. అత్త చేయి ఆగిపోయింది. లేచి పోయి అటక మీద నుంచి కదురు దించి నా ముందర పెట్టింది. నల్లగా నున్నబడిన పుల్ల, కింద గుండ్రటి రాతిబిళ్ళ. వాళ్లమ్మ ఇచ్చిందంట.

"నేను వడకను. నేర్పిస్తా, నువ్వు వడుకు. పాపమేదన్నా ఉంటే నీ మెడకే చుట్టుకోనీ," అంది.

అప్పుడు చూడాల నా తిప్పలు! బొచ్చులో పల్లేరుకాయలు ఏరేదానికే ఒక దినం పట్టింది. పెద్ద గొర్రెల బొచ్చు గరుకని పక్కన పెట్టేసి, గొర్రెపిల్లల తొలి బొచ్చు మాత్రం తీసుకొని వేళ్లతో పింజినాం. దాన్ని ఎడమ చేత్తో పట్టుకొని, కదురు తొడ మీద రుద్ది వదిలితే గిర్రున తిరుగుతా కిందికి దిగాల, ఆ తిరుగుడుకు బొచ్చు పురి పడి దారమవ్వాల. అత్త చేస్తే కదురు గాల్లో నిలబడినట్టే ఉంటుంది. నేను చేస్తే టపీమని నేల మీద పడుతుంది, దారం తెగుతుంది. పదిసార్లు పడింది. ఇరవైసార్లు పడింది. నేను దాన్ని విసిరి కొట్టబోతే అత్త చేయి పట్టుకుంది.

"దాని మీద అలిగితే అది తిరుగుతుందా? చేయి సడలించు. బొచ్చు నీ చేతిలోనుంచి తనంతట తాను పోవాల, నువ్వు గుంజగూడదు."

వచ్చిన దారం చూసి "ఇది నూలా, వానపాములా?" అని నవ్వింది. నిజమే, ఒకచోట వేలంత లావు, ఇంకోచోట వెంట్రుకంత సన్నం. నాకు రోషం పుట్టుకొచ్చింది. వంట పొయ్యి మీద పెట్టి వడికినాను, గొర్రెలకు ఆకు వేసొచ్చి వడికినాను, ఇంటికొచ్చిన వాళ్లతో మాట్లాడుకుంటా వడికినాను. నాలుగో దినం కదురు నేలకు తగలకుండా నా బారెడు నూలు సన్నగా, ఒకే తీరుగా దిగింది. నేను ఊపిరి బిగబట్టి చూస్తా ఉంటే అత్త ఆ నూలును రెండు వేళ్ల మధ్య జరిపి జరిపి చూసింది. "ఊఁ," అంది. మా అత్త నోట్లో నుంచి "ఊఁ" వచ్చిందంటే మామూలు మాట కాదప్పా, ఊరంతా డప్పు వేసినట్టే.

రెండు పేటలు కలిపి పురి పెడితే దారం గట్టిపడింది. ఇంక అల్లేది నా వంతు. హైస్కూల్లో వర్కు టీచరమ్మ ఉన్నితో టోపీ అల్లేది నేర్పించింది. దానికి రెండు పుల్లలు చాలు, సాక్సుకైతే నాలుగైదు కావాల. నాగలమడికలో సైకిల్ షాపుకు పోయి పాత స్పోకులు అడిగి తెచ్చి, బండ మీద సానబట్టి మొనలు నున్నగా చేసుకున్నాను. ఫోన్లో ఒకామె సాక్సు అల్లే వీడియో దొరికింది. ఏ దేశపు మనిషో, ఆమె మాట ఒక్క ముక్క అర్థం కాలేదు. నోరెందుకు, చేతులుండాయి గదా! ఆమె చేతులు చూసుకుంటా నా చేతులు తిప్పినాను. మడమ దగ్గర కుట్లు తిరగకుండా మొండికేసినాయి. మూడుసార్లు ఊడదీసినాను. నాలుగోసారి మడమ గిన్నె మాదిరి గుండ్రంగా తిరిగింది. ఒక్కదాన్నే ఉండానని గూడా చూడకుండా "ఆహా!" అని గట్టిగా అరిచినాను. దొడ్లో గొర్రెలన్నీ తలెత్తి చూసినాయి.

పన్నెండో దినానికి జత పూర్తయింది. కొంచెం పెద్దవైనాయి గానీ అయినాయి. వాటిని మంచం మీద పెట్టి మంగళవాడకు చుట్టాలింటికి పోయి, మర్నాడు మధ్యాన్నం తిరిగొచ్చినాను. వచ్చేసరికి బండ మీద నా సాక్సులు ఎండలో నిలబడి ఉండాయి. పడుకొని కాదు, నిలబడి! లోపల కాళ్లున్నట్టే, వాటంతట అవి.

మా అత్త చింతగింజల గంజి పెట్టింది. కంబళి నేసేటప్పుడు నూలు గట్టిపడేదానికి చింతగింజలు ఉడకబెట్టి గంజి పూస్తారు. ఆయమ్మ పుట్టినప్పటినుంచి చూసింది అదే. గొర్రెబొచ్చు నూలంటే గంజి పెట్టాల, పెట్టకపోతే నాలుగు దినాలకు చినిగిపోతుందని, నేను రాకముందే పని ముగించి పెడదామని గిన్నెడు గంజిలో ముంచి ఆరేసింది. సాక్సు తట్టి చూస్తే చెక్కను తట్టినట్టు టకటకమంది.

"అత్తా! ఇవి కాళ్లకా, గుంజలకా?" అని నేను ఎగిరిన ఎగురుడుకు పక్కింటోళ్లు తొంగిచూసినారు. ఆయమ్మ కూడా ఊరికే ఉంటుందా? "గంజి లేని కంబళి యాడన్నా చూసినావా? గట్టిగా ఉండాలని పెట్టినా!" అని నాకంటే గట్టిగా అరిచింది. ఉన్నట్టుండి నాకు ఒకటి తట్టింది. "నేను వడకను, పాపం" అన్న మనిషి, నేను ఇంట్లో లేనప్పుడు గింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి, పొయ్యి దగ్గర నిలబడి గంజి కాచింది. ఇంకేం కోప్పడేది? నవ్వొచ్చింది. నన్ను చూసి ఆయమ్మకూ నవ్వొచ్చింది.

ఇద్దరం కూర్చొని వేడి నీళ్లలో కుంకుడుకాయ రసం వేసి ఆ గంజంతా పోయేదాకా రుద్దినాం. చేతులు నొప్పులు పుట్టేదాకా రుద్దినాం. ఆ రుద్దుడుకు నూలు దగ్గరికి కుదించుకొని, సాక్సులు మందంగా, మెత్తగా అయినాయి. నేను పెద్దగా అల్లినదీ సరిపోయింది.

పదైదు దినాలు నిండినాక మామ పనికి పోయే పొద్దున అత్త ఆ జతను దేవుని కంబళి ముందర పెట్టి, "తప్పయితే నన్ను చూసుకో, ఆ పిల్లను కాదు," అని లెంపలేసుకుంది. అంతకు ముందు నా మెడకు చుట్టిన పాపాన్ని ఆయమ్మే మళ్లీ విప్పి తీసుకుంది. తర్వాత మామ ముందర కూర్చొని తన చేత్తో తొడిగింది. షూలో మడమ కదల్లేదు. మామ నాలుగడుగులు వేసి, గేటు దిక్కుకు పోయినాడు.

ఆ దినమంతా నాకు చేతులాడలేదు. సాయంత్రం దారి చూస్తా గుమ్మంలోనే నిలబడినాను. మామ షూలు వేసుకునే వచ్చినాడు. కుంటలేదు. తిన్నె మీద కూర్చొని షూ విప్పి, సాక్సు తీసి మడమ చూపించినాడు. పాత మచ్చే గానీ కొత్త గాయం లేదు. నేను గంతేసేదాన్నే, అప్పుడు సాక్సు అడుగున చూసినాను. అరికాలంతా ఎర్రమన్ను.

"షూ తీసినావా మామా? ఇంత చేస్తే మళ్లీ తీసినావా?" అని కయ్యిమన్నాను.

"తీసినానమ్మీ. ఒక్కచోటే."

"యాడ?"

"మన కళ్లం ఉండే తావుకు పోయినాను. కళ్లంలో గింజలు పోసేచోట షూ వేసుకొని తొక్కుతామా? మా నాయన చూసుంటే వీపు చిట్లగొట్టేవాడు. షూ విప్పి పక్కన పెట్టి లోపలికి పోయినా."

"ఇప్పుడు ఆడ కళ్లం యాడుండాది మామా? అంతా ప్లేట్లే గదా!"

"ప్లేట్లు పైనుండాయి. కళ్లం కిందుండాది," అన్నాడు.

నేను సాక్సు మన్ను దులుపుకుంటా, "సూపర్‌వైజరు చూసినాడా?" అని అడిగినాను.

"చూసినాడు. ఇది మా కళ్లమప్పా అని చెప్పినా. ఆయప్పకూ ఊర్లో చేనుంటుందేమో. అట్ల తిరుక్కొని నిలబడినాడు. నేను దండం పెట్టుకొని బయటికొచ్చి షూ వేసుకున్నా. కాలికి ఒక్క ముల్లు గుచ్చుకోలేదమ్మీ, నీ సాక్సు మందంగా ఉండాది."

పొగరనుకుంటే అనుకోండి, మా మామ తన చేన్లో నిలబడింది నా చేతి నూలు మీద. రెండో జత మొదలుపెట్టినాను. అరికాలికి మూడు పేటలు వేస్తా ఉండాను. దినమూ కళ్లంలో నిలబడే కాళ్లకు గట్టిది కావాల.