బావ వేలాడి చూసిన గోడ

మా చెల్లెలి మొగుడు, నా బావ, పోయిన శుక్రవారం పాకాలలో కన్నుమూశాడు. కబురు తెచ్చిన ఆటోవాడు "పైపుల బావ పోయినాడు" అన్నాడు. చుట్టుపక్కల అందరికీ అతను బావే.

నేను గోడలు కట్టేవాణ్ణి, అతను పైపులు బిగించేవాడు. తిరుపతి వైపు మిద్దెల మీద ఎండకు నీళ్ళు కాగే తొట్లు కొత్తగా వస్తున్న రోజులవి. నీళ్ళు కాగితే ఉబ్బుతాయి. ఆ ఉబ్బు పోయేందుకు పైన ఇంకో తొట్టి పెట్టాలి. చాలామంది దాన్ని పైపుకే వేలాడేసి, కూలి తీసుకుని పోయేవాళ్ళు. బావకు అది గిట్టదు.

"పైపు నీళ్ళు తెచ్చేదానికి బావా, తొట్టిని మోసేదానికి గాదు" అనేవాడు.

గోడకు ఇనుప బ్రాకెట్లు బిగించాక, తొట్టి ఎక్కించకముందు, తానే వాటికి వేలాడి చూసేవాడు. ఎంత గొప్ప ఇల్లయినా సరే.

తిరుచానూరులో ఒక పాత ఇల్లు. మిద్దె మీద మెట్లగది గోడకు తొట్టి రావాలి. ఆ గోడ కిందే పొద్దున పూట బాలింత బిడ్డకు నూనె రాసి ఎండలో పండుకోబెట్టేది.

"ఏందప్పా, కోతి మాదిరి ఏలాడతా ఉండావు? బాలింతకు ఉడుకునీళ్ళు కావల్ల, బిన్నా కానీ" అన్నాడు ఇంటి పెద్దాయన.

"నేను ఏలాడితే దిగొస్తా సామీ. తొట్టి ఏలాడితే పడొస్తాది" అని బావ నా వైపు తిరిగాడు. "నువ్వు గూడా పట్టుకో బావా. తొట్టి నిండితే ఇద్దరు మొగోళ్ళ బరువు."

"నేనేమన్నా గబ్బిలాన్నా?"

"గబ్బిలానికి అంత పొట్ట యాడుంటాది? పట్టుకో."

పట్టుకున్నాను. సున్నం కింద ఇటుకలు ఎప్పుడో పొడైపోయి ఉన్నాయి. బ్రాకెట్టు గోడ పెళ్ళతో సహా ఊడింది. నేను పక్కకు పడ్డాను. ఇనుము బావ కుడిభుజం మీద పడింది.

"బిడ్డ యాడ?" అన్నాడు నేల మీది నుంచే.

"కింద ఇంట్లో ఉండాది" అన్నాడు పెద్దాయన.

"అయితే సరే."

భుజానికి వేసిన కట్టు విప్పకముందే మళ్ళీ వచ్చాడు. మిద్దె కింద ఇంటి గోడ ఎక్కడుందో చూసి, సరిగ్గా దాని పైన నా చేత దిమ్మె కట్టించాడు. తొట్టిని దాని మీద కూర్చోబెట్టి, పట్టీ వేయించి, నీళ్ళు నింపించి, పైపు విప్పించాడు. పైపు ఆసరా లేకున్నా తొట్టి కదల్లేదు. అప్పుడు గానీ పైపు మళ్ళీ బిగించనివ్వలేదు.

ఆ భుజం మాత్రం మళ్ళీ లేవలేదు. చెయ్యి రొమ్ము దాటి పైకి పోని మనిషికి పైపుల పనేముంది? తల మీద చెంబెడు నీళ్ళు కూడా తానుగా పోసుకోలేకపోయేవాడు. చెల్లెలు పోసేది. ఆ వేళకు ఎవరైనా ఇంటికొస్తే తలుపు వేయించేవాడు. అంత రోషగాడు.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "ఆ పొద్దు ఏలాడకపోయింటే?"

"బిడ్డ మింద పడింటాది. ఇంగ మాట మార్చు" అన్నాడు.

చివరి స్నానానికి వాకిట్లో బల్ల మీద పడుకోబెట్టారు. చెల్లెలు గోరువెచ్చని నీళ్ళు పోస్తుంటే కుడిచెయ్యి బల్ల అంచు మీది నుంచి జారింది. నేను వంగి మోచేతి కింద అరచెయ్యి పెట్టాను. ఎవరో "వదిలెయ్ తాతా, నడుం పట్టుకుంటాది" అన్నారు. వదల్లేదు. అతని వేళ్ళ మీది నుంచి నీళ్ళు నా చొక్కాచేతిలోకి కారుతూనే ఉన్నాయి, ఇంకా వెచ్చగా.