కాళ్ళున్న అక్షరాలు

తలుపు బందులు బిగుసుకుపోయాయని మా కోడలు నిన్న కిరసనాయిలు పోసి గుడ్డతో తుడిచింది. ఆ వాసన వసారాలోకి రాగానే నాకు నంద్యాలలోని రూతమ్మగారి ప్రెస్సు గుర్తుకొచ్చింది. అచ్చు అయిపోయిన సీసపు అక్షరాలను అక్కడ రోజూ కిరసనాయిలుతో కడిగేవాళ్ళం. స్నానం చేసినా ఒంటిని ఆ వాసన వదిలేది కాదు. డెబ్బైల చివర్లో, పెళ్ళికి ముందు, నేను అక్కడ అక్షరాలు కూర్చే పనికి చేరాను. మాది ఆళ్ళగడ్డ. నాయన దేవుళ్ళ విగ్రహాలు చెక్కేవాడు. ఆయన చెక్కబోయే రాతిమీద ఎర్రమన్నుతో గీతలు గీయడం నా పని. ఉలి మాత్రం ముట్టనిచ్చేవాడు కాదు. ఆడపిల్లను పొరుగూరికి పంపనన్న మనిషి, ప్రెస్సు నడిపేది ఆడమనిషేనని తెలిశాక ఒప్పుకున్నాడు. నంద్యాలలో మేనత్త ఇంట్లో ఉండి పనికి వెళ్ళేదాన్ని.

రూతమ్మగారు బడిలో ఇంగ్లీషు చెప్పే ఉద్యోగం మానేసి ప్రెస్సు పెట్టారు. పొడగరి, గట్టి గొంతు. ఆమె దగ్గర ఇంగ్లీషు అక్షరాలు ఒక్క రకమే ఉండేవి. ఒక గీత లావుగా, ఒక గీత సన్నగా, ప్రతి గీత చివరా చిన్న అడ్డపట్టీతో నిలబడే పాతకాలపు అక్షరాలు. ఆ పట్టీలను ఆమె కాళ్ళు అనేవారు. పెళ్ళిపత్రికకూ, పరీక్ష ప్రశ్నలకూ, ఆసుపత్రి చీటీకీ, చర్చి ఆరాధన కాగితాలకూ అవే వాడేవాళ్ళం. మిగతా ప్రెస్సులవాళ్ళు తీగలూ పూలూ చుట్టిన కొత్త అక్షరాలు తెప్పిస్తుంటే, మనమూ తెద్దామమ్మా అన్నాను ఒకసారి.

"యాలమ్మే? పెండ్లికొక మొగం, సావుకొక మొగం పెట్టుకోని పోతావా నువ్వు? నవ్వినా ఏడ్చినా ఆ మొగమే గదా. సుట్టూ ఎంత తావు ఇడుస్తాండావో అది సూస్కో" అన్నారు. అంతటితో ఊరుకోలేదు. ఒకే పేరును రెండు కాగితాలమీద వేసి చూపించారు. చుట్టూ తెలుపు ధారాళంగా వదిలినచోట ఆ పేరు పండగలా విచ్చుకుంది. నల్లటి అంచు మధ్య బిగించినచోట అదే పేరు గొంతు తగ్గించింది. మరి ఆ కాళ్ళు దేనికని అడిగితే, "మన అచ్చరానికి తలకట్టు ఉన్నట్ల దీనికి కాళ్లు. చదివే కన్ను వరస తప్పకుండా నడుస్తాదంటే అవే" అన్నారు.

కొన్నాళ్ళకు, కోయిలకుంట్ల దారిలో ఒక పల్లెవాళ్ళు చర్చి కట్టుకుంటూ, గోడలో పెట్టే శిలాఫలకం మీద ఆదివారానికల్లా ఇంగ్లీషు అక్షరాలు కావాలని రూతమ్మగారి దగ్గరికి వచ్చారు. ఆమె మా అక్షరాలనే పెద్దవి చేసి నాతో గీయించి, నన్ను వెంటబెట్టుకుని బస్సులో ఆళ్ళగడ్డ వచ్చారు. నాయన ఆ కాగితం చూసి నవ్వాడు. "ఏందీ తల్లీ ఇది? అచ్చరానికి అందెలు తొడిగినట్లుండాది. ఇవి తీసేస్తే నున్నగుంటాది" అని, పక్కనున్న రాతిముక్కమీద కాళ్ళు లేకుండా ఒక మాట చెక్కి చూపించాడు. దగ్గరికి బాగానే ఉంది. రూతమ్మగారు ఆ ముక్కను ఎండలో నిలబెట్టించి, నాయనను రోడ్డుదాకా నడిపించుకు వెళ్ళారు. అక్కడినుంచి చూస్తే గీతల కొసలు రాతిలో కరిగిపోయి, అక్షరాలు అరిగిపోయినట్లు కనిపించాయి. నాయన చాలాసేపు చూశాడు.

"నిజమేనమ్మా, కొసలు నిలబడల్యా" అన్నాడు. "అయితే అంత సన్నపు పని నా చేతికి వంగదు. నా చెయ్యి పెద్ద ఉలికి అలవాటైంది."

"గీసింది మీ ఈశ్వరి. చెక్కేది గూడ ఆపిల్లనే చెక్కనీ" అన్నారు రూతమ్మగారు.

"చెయ్యి జారితే రాయి పాడైపోతాది. ఆదివారానికి వాళ్లకు ఏమని చెప్పల్ల?"

"జవాబు నేను చెప్పుకుంటాలే అప్పా."

నాయన లోపలికి వెళ్ళి, విగ్రహాల కనురెప్పలు దిద్దే తన సన్న ఉలి తెచ్చి నా చేతిలో పెట్టాడు. మొదటి అక్షరానికి కాళ్ళు తేలేసరికి భయం పోయింది. సీసంలో వాటిని రోజూ తాకిన వేళ్ళు, రాతిలోనూ దారి తెలిసినట్లే నడిచాయి. చివరి అక్షరం అయ్యాక నాయన ఫలకం మీద నీళ్ళు చల్లి, అరచేత్తో తుడిచి, "బాగొచ్చిండాది" అన్నాడు. ఆయన నోట ఆ మాట వినడం నాకు అదే మొదలు.

సంచీ సర్దుకుని ఆమెతో నంద్యాల బస్సెక్కబోతుంటే, రూతమ్మగారు మెట్టుమీద నిలబడి చెయ్యి అడ్డం పెట్టారు. "నువ్వు యాడికి? ఇంక ప్రెస్సుకు రావాకు. నీ పని ఈడ ఉండాది." తన దగ్గర అందరికంటే వేగంగా కూర్చేదాన్ని నేనే. అది తెలిసీ వదిలేశారు. బస్సు వెళ్ళాక నేను ఏడ్చాను. ఆ మర్నాడే నాయన విగ్రహాలు చెక్కే కొట్టంలో నాకొక చోటు చేసుకున్నాను. పెళ్ళయ్యాకా అది మానలేదు. బడులకూ, బావులకూ, సమాధులకూ రెండు భాషల్లోనూ అక్షరాలు చెక్కాను.

ఎనభైల చివర్లో కొత్తరకం అచ్చు వచ్చి ఆమె ప్రెస్సు మూసేశారు. ఆ తర్వాత ఒకరోజు మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా కొట్టానికి వచ్చారు. పొగుడుతారని, అప్పుడే పూర్తయిన తెలుగు ఫలకం గర్వంగా చూపించాను. కళ్ళద్దాలు తుడుచుకుని చదివి, "తలకట్లు బక్కగుండాయి మే, ఎండలో కనపడవు" అన్నారు. చెక్కినదాన్ని సన్నం చేయలేం గాని లావు చేయవచ్చు. ఆమె మజ్జిగ తాగేలోపే నేను మళ్ళీ కూర్చున్నాను. ఆమె పక్కన ముక్కాలిపీట వేసుకుని, ఒక్కో తలకట్టూ తేలేదాకా చూస్తూ కూర్చున్నారు.

ఆమె నాకిచ్చి వెళ్ళింది ఆ మధ్యాహ్నమే అనుకుంటాను. నా పనిలో లోపం ఎవరు చూపించినా ఇప్పటికీ నాకు మనసు చివుక్కుమనదు. చెయ్యి దానంతటదే ఉలికోసం వెతుక్కుంటుంది.