స్లాబ్ సగంలో ఆపరు

నేను రొమ్ము క్యాన్సర్ డాక్టర్‌ని. కరోనా వచ్చిన ఏడాది మా వార్డులో సగం కరోనాకి ఇచ్చేశారు, మాలో సగం మందిని కూడా. ఆ ప్లాస్టిక్ దుస్తుల్లో చెమటకి తడిసి ముద్దయి బయటికొచ్చేసరికి నా నోరు మరీ దురుసుగా ఉండేది. మామూలుగానే అది మంచి నోరు కాదు.

ఆ రోజుల్లో డాక్టర్లందరినీ తినేసింది ఒకటే ప్రశ్న. కీమో ఇస్తే ఒంట్లో బలం తగ్గి కరోనా మింగేస్తుందేమో. ఆపితే క్యాన్సర్ ఊరుకోదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. "కొన్నాళ్లు ఆపుదాం" అన్నారు మా పెద్ద డాక్టర్ గారు. ఒక అక్క విషయంలో మాత్రం నేను ఒప్పుకోలేదు. ఆమె పాలమూరు నుంచి వచ్చి ఇళ్లు కట్టే పనికి పోయే మనిషి. నేను పుట్టిన కామాటిపుర ఒంటిగదుల చాల్‌లోనే అద్దెకుంటుంది. కీమోకి గడ్డ సగం కరిగింది. మిగతా కీమో పూర్తయితే ఆపరేషన్. పోట్లాడి ఒప్పించాను. ఒప్పించాక భయంతో నాకు అన్నం సయించలేదు.

అంతలో ఆమె ఫోన్. "మేడం, మా జట్టంత ఊరికి పోతున్నం. గాడి దొరికింది. నేను గూడ పోతున్న."

జట్టు కలిసే వస్తుంది, కలిసే పోతుంది. ఒకరిని వదిలిపోవడం వాళ్లలో లేదు. కానీ ఊళ్లో కీమో ఎవరిస్తారు? డ్యూటీ దిగి నాగ్‌పాడా మీదుగా నడిచే వెళ్లాను. బస్సుల్లేవు, టాక్సీల్లేవు. మా చాల్ సందు మొదట్లో లారీ, దానిమీద మూటలు, మూటల మధ్య అక్క. నన్ను చూసి జట్టు మేస్త్రి చెయ్యి అడ్డం పెట్టాడు.

"గాడ్నే ఉండు బిడ్డా. కరోనా దవాఖాన నుంచి వస్తున్నవ్."

నాకు ఒళ్లు మండింది. మా తాత, నానమ్మ ఈ సందు నుంచే తట్టలు మోయడానికి పోయినవాళ్లు.

"అన్నా, స్లాబ్ సగం పోసి దిగొస్తవా ఎప్పుడన్న?"

"ఎట్ల దిగుతం? సురువు చేస్తే అయ్యేదాక ఎవ్వరు దిగరు. ఆపితే అతుకు కాడ నీళ్లు కారవా?"

"అక్క ఇలాజు, గీ కీమో గూడ గంతే. సగం స్లాబ్ మీదికెల్లి దింపుకపోతున్నవ్ నువ్వు."

మేస్త్రి అడ్డం పెట్టిన చెయ్యి దించాడు. తర్వాత లారీ దగ్గరికెళ్లి, "దిగు చెల్లె. స్లాబ్ అయ్యేదాక ఈడనే" అన్నాడు. వెంటనే అతని భార్య తన మూట కూడా కిందికి విసిరింది. "ఒక్కదాన్ని ఎట్ల ఇడుస్తం? అయినంక ఇద్దరం వస్తం." నాకు ఏడుపొచ్చింది. మాస్కు ఉండబట్టి పరువు దక్కింది.

కీమో ఉన్న ప్రతిసారీ మేస్త్రి భార్య అక్క చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చేది. మా డాక్టర్లు ఒకరి తర్వాత ఒకరు జ్వరంతో పడినా, మిగిలినవాళ్లం అక్కకి ఒక్క కీమో తప్పనివ్వలేదు. ఆపరేషన్ అయింది. తీసిన ముక్కల పరీక్షలో క్యాన్సర్ ఆనవాలే లేదు! రిపోర్టు చదివి కారిడార్‌లో కేక పెట్టాను. పెద్ద డాక్టర్ గారు మందలించబోయి, కాగితం చూసి తానూ కేక పెట్టారు.

కుట్లు విప్పించుకునే రోజు ఇద్దరూ పెద్ద డబ్బా మోసుకొచ్చారు. జొన్నరొట్టెలు, కోడికూర. స్లాబ్ పడితే ఇంటివాళ్లు కూలీలకి దావత్ ఇవ్వడం ఆనవాయితీ.

"గెలిచింది నువ్వక్కా. నేనే నీకు పెట్టాలి" అన్నాను.

"గట్లెట్ల మేడం? ఇల్లు నాది. కూలోళ్లు మీరు. కూసొని తినున్రి."

దూరందూరంగా కూర్చుని, వంతులవారీగా మాస్కులు దించి తిన్నాం. పెద్ద డాక్టర్ గారు మళ్లీ వడ్డించుకున్నారు. సందులో అందరూ డాక్టరమ్మా అని పిలిస్తే పొంగిపోయేదాన్ని. అంతకన్నా గొప్ప పేరు, మా తాతకున్న కూలోడన్న పేరు, ఆ రోజు కోడికూరతో పాటు నాకు దక్కింది.