రెక్కల అంచుకు కాపు కాసిన మా సూరి

కిందటి నెల ఒక మంగళవారం పొద్దుట చీపురుపల్లి నుంచి వచ్చిన మనిషి చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడిపోయాడు. నేను చేట అంచుకి పాతగుడ్డ కుడుతున్నాను. "సూరిబాబు పోనాడమ్మా, నిద్దట్లోనే" అన్నాడు. "పోడానికి ఆడికి తీరికెక్కడిది?" అన్నాను నేను. అంత తెలివితక్కువ మాట నా జన్మలో అనలేదు. సూది చేటకే ఉండిపోయింది.

నా తమ్ముడు సూర్యనారాయణ దివంగతుడయ్యాడు. ఊరి గ్రంథాలయం వారు తమ పత్రికకి వాడి గురించి రాసిమ్మన్నారు. నేను చదివింది మూడో తరగతి. అయినా వాడి గుణగణాలు ఇంకొకరు రాస్తే తప్పులు పోతాయని నేనే పూనుకున్నాను. ఏడుస్తూ రాయమని మాత్రం ఎవరూ అడగొద్దు. బతికినన్నాళ్లూ వాడు నన్ను నవ్వించాడు.

వాడు హెలికాప్టర్ల దగ్గర ఫిట్టరు. దాని నెత్తిన తిరిగే రెక్కల ముందు అంచు అరిగిపోకుండా కాపాడడం వాడి పని. ఒకసారి సెలవుకి వచ్చి ఆ సంగతి చెబితే నేను నమ్మలేదు.

"వాన సినుకు ఇనుముని తినేస్తాదేట్రా? నన్ను ఎర్రిదాన్ని సేస్తన్నావు."

వాడు నన్ను పెరట్లోకి లాక్కెళ్లి, చూరు నీళ్లు పడేచోట రాతిబండకి పడిన గుంట చూపించాడు. "ఇదెవులు తవ్వినారక్కా? నీ సూరు నీళ్లే కదేటి! మా రెక్క తిరిగే జోరుకి సినుకు గులకరాయైపోతాది, ఇసక రవ్వ ఉలైపోతాది. రెక్క కొస మరీ జోరు. అంచేత ముందు అక్కడే తినేస్తాది."

"మరేటి సేస్తారు?"

"నువ్వు సేటకి సేసిందే."

అంచుకు రబ్బరు పట్టీ అతికిస్తారట. దెబ్బలన్నీ పట్టీ తింటుంది. అది అరిగాక ఊడదీసి కొత్తది వేస్తారట. "అరిగితే గుడ్డ అరగాల, సేట అరక్కూడదు" అని నేను కోడళ్లకి చెప్పే మాటనే వాడు తోటి ఫిట్టర్లకి చెప్పేవాడట. మా అక్క దగ్గర నేర్చానని కూడా అనేవాడట. ఇది వాడు నాకు చెప్పలేదు, వాడి పెళ్లాం గౌరి చెప్పింది.

ఏ వస్తువు కనిపించినా దాని అంచు వెంట వేలు నడిపించడం వాడికి అలవాటు. గరిటె, కొడవలి, కంచం, ఏదీ వదలడు. గౌరిని చూడడానికి వెళ్లినప్పుడు పిల్లని చూడకుండా ఆమె తెచ్చిన ఇత్తడి పళ్లెం అంచు తడిమి, "ఇక్కడ అరిగింది" అన్నాడు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. గౌరి తడుముకోకుండా "నాను అరగలేదులెండి" అంది. సంబంధం అక్కడే ఖాయమైంది.

వాడి కర్తవ్యనిష్ఠ ఎలాంటిదో చెప్పడానికి ఒక్క రోజు చాలు. రెండేళ్ల కిందట నాగావళి పొంగింది. ఆ వరదలో బియ్యం, మందులు దించడానికి వచ్చిన హెలికాప్టరుతో మా సూరి కూడా వచ్చాడు. అది మా బడి మైదానంలో దిగింది. ఆ పూటే ఏటి అవతలి లంక నుంచి ఒక మనిషి అరటిబోదెల తెప్ప మీద వచ్చి కబురు చెప్పాడు. అక్కడ అత్తవారింట్లో ఉన్న నా కూతురు పార్వతికి నొప్పులొచ్చి ఒక రోజు దాటింది. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది.

హెలికాప్టరు నడిపే ఆఫీసరు వెంటనే బయల్దేరతానన్నాడు. సూరి రెక్కలు తడిమి చూసి అడ్డం నిలబడ్డాడు. అంతకుముందు ఇసకలో దిగి ఎగిరినందుకు ఒక రెక్క పట్టీ సగం లేచిపోయింది. వాడి దగ్గర మిగిలింది ఒక్క రెక్కకి సరిపడే పట్టీ. దాన్ని ఆ రెక్కకి అతికిస్తాడని చూస్తుంటే, వాడు బాగున్న మిగతా రెండు రెక్కల పట్టీలు కూడా ఊడదీయడం మొదలెట్టాడు.

ఒక్క చింపిరిగుడ్డ పారెయ్యని దాన్ని, నా కడుపు మండిపోయింది. "ఒరే సచ్చినోడా! బాగున్నవి పీకుతావేట్రా? అక్కడ నా కూతురు పోతాది!"

వాడు తిరిగి చూడలేదు. "అందుకేనక్కా పీకుతన్నాను. ఒక రెక్కకి కొత్త సీర కట్టి మిగతా రెండిటికీ పాతవి ఉంచితే, గాల్లో మూడూ తగువాడుకుంటాయి. బరువు తేడా వస్తే మిషను ఊగిపోతాది. అందులో మన పార్వతి ఉంటాది. తక్కెడ తే."

చింతపండు తూచే నా తక్కెడ తెచ్చాను. వాడు పట్టీని మూడు ముక్కలు కోసి, మూడూ సమంగా తూగేదాకా గోరంత గోరంత చెక్కాడు. రెక్క మొత్తానికి చాలవు గనక కొసలకే వేస్తానన్నాడు. వాన తడపకుండా ఊళ్లో ఆడవాళ్లందరం రెక్కల మీద టార్పాలిను ఎత్తి పట్టుకున్నాం. ఇంతలో మళ్లీ అడ్డంకి. అంచు మీద తడి ఉంటే జిగురు పట్టదు, తుడిచే గుడ్డ పీచు రాల్చకూడదు.

నా పెట్టెలో పీచు రాలని సన్న నూలుది, ఒకే ఒక్క పొందూరు చీర ఉంది. తెచ్చి నిలువునా చింపాను. వాడు చేతిలో పని ఆపి, ఆ చిరుగునీ నన్నూ మార్చి మార్చి చూశాడు.

"ఇక పార్వతికి బయం లేదు" అన్నాడు.

ఇసకా వానా చీల్చుకుంటూ హెలికాప్టరు వెళ్లి పార్వతిని ఎక్కించుకొని పట్నం ఆసుపత్రి దగ్గర దించింది. తల్లీ బిడ్డా క్షేమం. మనవరాలికి సూర్యకళ అని పేరు పెట్టాం. తిరిగొచ్చాక సూరి ఆ పట్టీలు మూడూ తీసి నా ఒళ్లో పడేశాడు. సూదులతో పొడిచినట్టు మూడూ ఒకేలా తూట్లు పడ్డాయి. రెక్కల కొసల మీద ఒక్క గీటు లేదు. అప్పట్నుంచి నలుగురిలో కూర్చున్నప్పుడల్లా ఒకటే మాట: "మా అక్క సీర సింపింది. ఆ రోజు నాగావళి ఎనక్కి పారుంటాది!"

నేను తిట్టేదాన్ని. వాడికి తిట్లూ పులిహోరా ఒకటే, రెండూ ఇంకొంచెం వెయ్యమనేవాడు.

పోయినేడాది పింఛను పుచ్చుకొని చీపురుపల్లి వచ్చి, ఇక ప్రతి ఆదివారం వస్తానన్నాడు, వచ్చాడు. ఇప్పుడు వాడంత సరదాగా తిట్లు తినే మనిషి మా వంశంలో లేడు. అంత నమ్మకంగా అంచు తడిమి చెప్పే చెయ్యి ఈ తాలూకాలోనే లేదు. ఆ లోటు తీరేది కాదు.

పదకొండో రోజు వెళ్లొచ్చి, ఆ చేట మళ్లీ చేతిలోకి తీసుకున్నాను. సగం కుట్టి వదిలేసిన పాతగుడ్డ అలాగే ఉంది. ఎప్పుడూ చెయ్యని పని చేశాను. బాగున్న రెండో వైపు గుడ్డ కూడా ఊడదీశాను. ఆ పొందూరు చీరలో మిగిలిన ముక్కని తూచి, సమంగా కోసి రెండు వైపులా కుట్టాను.

సూరీ, నీ ఆత్మకి నేనిచ్చే నివాళి ఇదే. వచ్చి వేలు పెట్టి సూడు నాయినా. అంచు ఎక్కడా లేవలేదు.